గోడ మీద గడియారం, తొడ మీద తాళం: ఎడ్గార్ అలన్ పోని చదవడం ఎలా

అమెరికన్ కథకుడు, కవి ఎడ్గార్ అలన్ పో అనగానే చాలామందికి గుర్తొచ్చేవి ఒక నల్ల పక్షి, ఒక మందుసీసా, బాల్టిమోర్ వీధిలో అంతుచిక్కని ఒక చావు. ఆ మూడింటినీ కాసేపు పక్కన పెట్టండి. పో పత్రికాఫీసులో ప్రూఫులు దిద్ది బతికిన మనిషి. కథకి ఎన్ని పేజీలు, కవితకి ఎన్ని పాదాలు, పాఠకుడు ఎంతసేపు కూర్చోగలడు అని లెక్కేసుకుని రాశాడు. ఆ లెక్క పట్టుకుని చదివితే లొంగుతాడు. 'పిచ్చి మేధావి' అనుకుని చదివితే రెండో కథకే విసుగొస్తుంది.

(ఒక చిన్న చిక్కు: ఈయన పేరుకి తెలుగు విభక్తులు సరిపడవు. 'పోను' అంటే వెళ్ళననీ, 'పోని' అంటే పోనీలే అనీ వినిపిస్తుంది. ఓర్చుకోవాలి.)

పుస్తకం సంపాదించడం

పో 1849లో చనిపోయాడు. రాసినదంతా కాపీరైట్ దాటిపోయింది కాబట్టి డబ్బు పెట్టనక్కర్లేదు. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఐదు సంపుటాలు ఉచితంగా దొరుకుతాయి, ఫోన్‌లో చదువుకోవచ్చు. వినాలనుకుంటే లిబ్రివాక్స్‌లో ఆడియో ఉంది. అచ్చుపుస్తకమే కావాలంటే లైబ్రరీ ఆఫ్ అమెరికా 1984లో వేసిన రెండు సంపుటాలు కొనుక్కోండి. ఒకదాంట్లో కథలు, కవితలు, ఇంకోదాంట్లో వ్యాసాలు, సమీక్షలు ఉంటాయి.

కొనకూడనివి: 'సరళీకృతం', 'పిల్లల కోసం', 'సంక్షిప్తం' అని అట్ట మీద ఉన్నవి. పో కథలో జరిగే సంగతి రెండు వాక్యాల్లో చెప్పేయొచ్చు, మిగతాదంతా చెప్పే తీరే. సంక్షిప్తం చేసేవాళ్ళు సంగతిని ఉంచి తీరుని తీసేస్తారు. కొబ్బరి పారేసి చిప్ప చేతికిచ్చినట్టు ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. పో తన రచనల్ని అచ్చయ్యాక కూడా దిద్దుతూనే ఉండేవాడు. 1835లో వచ్చిన 'బెరెనీస్' కథలోంచి తర్వాత కొన్ని పేరాలు తీసేశాడు. 1842లో 'లైఫ్ ఇన్ డెత్' పేరుతో వేసిన కథని 1845లో కుదించి 'ది ఓవల్ పోర్ట్రెయిట్' చేశాడు. మీ ప్రతిలో ఒక పేరా ఉండి స్నేహితుడి ప్రతిలో లేకపోతే అచ్చుతప్పు అనుకోకండి. బాల్టిమోర్‌లోని పో సొసైటీ తమ వెబ్‌సైట్‌లో ఏ రచన ఎప్పుడు ఎలా అచ్చయిందో పాఠాలన్నీ పక్కపక్కనే పెట్టింది. అనుమానం వస్తే అక్కడ చూసుకోండి.

వరుస పెట్టుకోవడం

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. 'ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్' గొప్ప కథ అని ఎక్కడో చదివి దానితోనే మొదలుపెడతారు. దాని మొదటి వాక్యమే అరవై మాటలు సాగుతుంది. మూడో పేరాలో నిఘంటువు తెరుస్తారు, నాలుగో పేరాలో పుస్తకం మూస్తారు. అంతకంటే పెద్ద పొరపాటు, ఏకైక నవల కదా అని 1838 నాటి 'ఆర్థర్ గోర్డన్ పిమ్'తో మొదలెట్టడం. అది చివరికి ఉంచుకోవాల్సినది.

ఈ వరుసలో వెళ్ళండి. ముందు మూడు పొట్టి కథలు: 'ది టెల్-టేల్ హార్ట్' (1843), 'ది కాస్క్ ఆఫ్ అమోంటిలాడో' (1846), 'ది మాస్క్ ఆఫ్ ది రెడ్ డెత్' (1842). ఒక్కోటీ రెండు వేల చిల్లర ఇంగ్లిష్ మాటలు, పైకి చదివితే పావుగంట పైన కొద్దిగా పడుతుంది. తర్వాత 'ది రేవెన్' కవిత. ఆ తర్వాత 'ది పిట్ అండ్ ది పెండ్యులమ్', 'ది బ్లాక్ క్యాట్'. అప్పుడు అషర్ ఇల్లు, అది ముప్పావుగంట పని. డిటెక్టివ్ కథలు ఆఖర్న.

ఒక కథని ఒక్క కూర్పులో ముగించాలి. ఇది పో పెట్టిన షరతే. 1842 మేలో తోటి అమెరికన్ రచయిత హాథార్న్ కథల మీద రాసిన సమీక్షలో, కథ అన్నది అరగంట నుంచి ఒకటి రెండు గంటల్లో పూర్తి కావాలన్నాడు. మధ్యలో లేచి వెళితే బయటి ప్రపంచం చొరబడి, కథ కట్టిన ఏకైక ప్రభావం చెదిరిపోతుందని ఆయన వాదన. కాబట్టి బస్సులో సగం, పడుకునే ముందు సగం పనికిరాదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి గడియారం చూసుకుని కూర్చోండి.

తెలియని మాట వచ్చిన ప్రతిసారీ ఆగకండి. పేజీకి మూడు మాటలకి మించి వెతకనని నియమం పెట్టుకోండి. మిగతావి అడ్డొచ్చినా వాక్యం ఊపు లాక్కెళుతుంది.

పిల్లలకి ఇచ్చేముందు మీరు చదవండి. 'ది బ్లాక్ క్యాట్'లో తాగుడు, మూగజీవి మీద క్రూరత్వం, ఇంట్లో హింస ఉన్నాయి. పిల్లి కథ కదా అని పదేళ్ళ పిల్ల చేతిలో పెట్టేది కాదు.

మొదటి కథ: చెవితో చదవాలి

'ది టెల్-టేల్ హార్ట్'ని పైకి చదవండి. ఇంగ్లిష్ ఉచ్చారణ గురించి బెంగ వద్దు. ఇందులో ముఖ్యమైనవి విరుపులు. వాక్యాల మధ్య అడ్డగీతలు ఎక్కడ పడ్డాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టండి, ఒకే మాట వెంటవెంటనే రెండుసార్లు వచ్చినచోట గీత గీయండి. మొదటి వాక్యంలోనే 'నెర్వస్' రెండుసార్లు, 'వెరీ' రెండుసార్లు వస్తాయి. చెప్పేవాడు తాను ఎంత నింపాదిగా ఉన్నాడో చెబుతుంటే, వాక్యాలు మాత్రం ఎగశ్వాసతో పరిగెడుతుంటాయి. కథంతా ఆ వైరుధ్యం మీదే నిలబడింది.

తర్వాత కాలాన్ని లెక్కపెట్టండి. ఏడు రాత్రులు, ఎనిమిదో రాత్రి, గంటసేపు కదలకుండా నిలబడటం, తెల్లవారుజామున నాలుగు గంటలు. పిచ్చివాడినన్న మాటని కాదనడానికి ఆ మనిషి లెక్కల్ని సాక్ష్యంగా తెస్తున్నాడు. దూదిలో చుట్టిన గడియారం చేసే చప్పుడు అన్న పోలిక రెండుచోట్ల వస్తుంది. ఆ రెండు చోట్లకీ మధ్య ఏం మారిందో చూసుకోండి. గోడలోని 'డెత్ వాచ్' అన్న మాట దగ్గర చాలామంది తడబడతారు. అది కొయ్యని తొలిచే ఒక పురుగు. టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తుంది, అది వినిపిస్తే ఇంట్లో చావు తప్పదని అక్కడివాళ్ళ నమ్మకం. మన బల్లి పలుకుకి శకునం చూసినట్టే.

ఇక్కడ దెయ్యం కోసం వెతకొద్దు. మన వారపత్రికల హారర్ సీరియళ్ళకి అలవాటుపడ్డవాళ్ళు క్షుద్రశక్తి ఎప్పుడొస్తుందా అని చూస్తూ అసలు భయాన్ని దాటేస్తారు. ఈ కథలో ఏ శక్తీ రాదు. మాట్లాడుతున్న మనిషే భయం. ఆ మనిషి పో అనుకోవడం ఇంకో తప్పు. 'నేను' అని రాసినంత మాత్రాన రచయిత ఆత్మకథ అయిపోదు.

రెండో కథ: చెప్పనిదాన్ని వెతకండి

'అమోంటిలాడో' చదివేముందు మూడు సంగతులు తెలిస్తే చాలు. అమోంటిలాడో అనేది స్పెయిన్ దేశపు షెర్రీ మద్యం. నేలమాళిగ గోడల మీద తెల్లగా పేరుకునే 'నైటర్' మన సురేకారం. కథ కార్నివాల్ రోజుల్లో జరుగుతుంది, వీధుల్లో అందరూ వేషాలు వేసుకుని తాగి ఉంటారు. కథ చెప్పే మాంట్రెసార్ పగబట్టిన ఫార్చునాటో విదూషకుడి టోపీ పెట్టుకున్నాడు, దానికి గంటలున్నాయి. ఆ గంటలు ఎప్పుడెప్పుడు మోగాయో గుర్తుపెట్టుకోండి.

మొదటి వాక్యంలో వెయ్యి అపకారాలు భరించానంటాడు మాంట్రెసార్. ఒక్కటైనా చెబుతాడేమో వెతకండి. చెప్పడు. ఆ తర్వాత తాపీ జోకు ఒకటి వస్తుంది. నువ్వు మేసన్‌వి కావు కదా అని ఫార్చునాటో రహస్య సంఘం గురించి అడుగుతాడు. అవునంటూ ఇతను అంగీ కిందనుంచి తాపీ తీసి చూపిస్తాడు. ఇంగ్లిష్‌లో ఆ సంఘ సభ్యుడికీ తాపీమేస్త్రీకీ ఒకే మాట. మొదటిసారి నవ్వొస్తుంది. కథ అయ్యాక వెనక్కి తిరిగి ఆ పేరా చదివి చూడండి.

మూడో కథకి కాగితం, రంగు పెన్సిళ్ళు

'రెడ్ డెత్'లో ప్రాస్పెరో రాజు తన మఠంలో ఏడు గదులు కట్టిస్తాడు. వాటిని గీయండి. తూర్పు నుంచి పడమటికి నీలం, ఊదా, ఆకుపచ్చ, నారింజ, తెలుపు, వంకాయరంగు, చివరిది నలుపు. ఆరు గదుల్లో కిటికీ అద్దాలు గది రంగులోనే ఉంటాయి. ఏడోదాంట్లో మాత్రం నల్ల గదికి రక్తపు రంగు అద్దాలు. గదులు సరళరేఖలో ఉండవు, ఇరవై ముప్ఫై గజాలకో మలుపు ఉంటుంది, కాబట్టి ఒక గదిలోంచి మరోటి పూర్తిగా కనపడదు. నల్లగదిలో నల్లచేవ కర్ర గడియారం ఉంది. అది గంట కొట్టినప్పుడల్లా వాద్యగాళ్ళు ఆగిపోతారు. బొమ్మ గీసుకున్నవాళ్ళకి చివరి పరుగు ఎటునుంచి ఎటో కళ్ళకి కడుతుంది, గీయనివాళ్ళకి అది ఒక పేరా మాత్రమే.

'ది రేవెన్': ఆదితాళంలో

1845 జనవరి 29న న్యూయార్క్ 'ఈవినింగ్ మిర్రర్'లో వచ్చిన ఈ కవితని కళ్ళతో చదివితే సగమే అందుతుంది. చనిపోయిన లెనోర్ కోసం కుమిలే మనిషి గదిలోకి అర్ధరాత్రి ఒక నల్లపక్షి వచ్చి 'నెవర్‌మోర్' (ఇంకెప్పుడూ కాదు) అనడమే ఇందులో కథ. 18 చరణాలు, చరణానికి 6 పాదాలు, మొత్తం 108 పాదాలు. దీని గణం ట్రోకీ: ఒక ఊనిక ఉన్న అక్షరం, ఒక ఊనిక లేనిది. మన ఛందస్సులో గురువు తర్వాత లఘువు వచ్చే హగణాన్ని గుర్తుచేసుకుంటే దగ్గరగా ఉంటుంది. తేడా ఏమిటంటే మనది పలికే కాలాన్నిబట్టి, వాళ్ళది గొంతు ఊనికనిబట్టి. మాత్రలు లెక్కపెడితే లెక్క తప్పుతుంది, ఊనికలు లెక్కపెట్టండి.

తొడ మీద ఆదితాళం వేయండి. ఒక్కో దెబ్బకి ఒక్కో గణం. "వన్స్ అ, పాన్ ఎ, మిడ్‌నైట్, డ్రియరీ, వైల్ ఐ, పాండర్డ్, వీక్ అండ్, వియరీ." సరిగ్గా ఎనిమిది. రెండో పాదం ఏడున్నర గణాలు, ఆఖరి అరదెబ్బ మౌనం. మూడోది ఎనిమిది, నాలుగూ అయిదూ ఏడున్నర చొప్పున. ఆరోది చిన్నది, మూడున్నర గణాలే. ఆ చివరి అరదెబ్బ మౌనాల్ని మింగేయకండి. 'మోర్' అన్న శబ్దం ఆ ఖాళీలోకి సాగాలి. తొందరపడి తర్వాతి చరణంలోకి దూకితే కవిత నర్సరీ పాటలా గెంతుతుంది. అలా గెంతిందంటే వేగం తగ్గించండి. మొత్తం చదవడానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు పట్టాలి. ఆరు నిమిషాల్లో అయిపోతే మీరు పరిగెత్తారన్నమాట.

ప్రాస మనలా రెండో అక్షరం మీద ఉండదు. పాదాల చివర ఉంటుంది, దానికి తోడు మొదటి, మూడో పాదాల మధ్యలో కూడా పడుతుంది. డ్రియరీకి వియరీ, నాపింగ్‌కి టాపింగ్. రెండు, నాలుగు, ఐదు, ఆరు పాదాలు అన్ని చరణాల్లోనూ 'ఓర్' శబ్దంతోనే ముగుస్తాయి.

ఇప్పుడు పల్లవి లెక్క. మొదటి ఏడు చరణాలూ 'నథింగ్ మోర్', 'ఎవర్‌మోర్' అంటూ ముగుస్తాయి. 'నెవర్‌మోర్' ఎనిమిదో చరణం నుంచి పద్దెనిమిదో చరణం దాకా ప్రతి చివరా ఉంటుంది, అంటే పదకొండుసార్లు. వాటిలో పక్షి నోట వచ్చేవి ఎన్నో గుర్తుపెట్టి చూడండి. ఎనిమిది, పది, పద్నాలుగు నుంచి పదిహేడు దాకా ఆరే. మిగతావన్నీ ఆ మనిషే తన తలలో అనుకునేవి. పక్షికి వచ్చింది ఒక్కటే మాట అని పదకొండో చరణానికే అతనికి తెలుసు. తెలిసీ, ఆ మాట ఎక్కువ బాధపెట్టే ప్రశ్నలే వరసగా అడుగుతూ పోతాడు. మరచిపోగలనా? గాయానికి మందుందా? ఆమెని మళ్ళీ కలుస్తానా? ప్రశ్నల్ని ఒక కాగితం మీద విడిగా రాసుకుంటే, పక్షి ఏమీ చేయలేదని, ఈ మనిషే తన పుండుని తాను కెలుక్కున్నాడని కనిపిస్తుంది.

మనకి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే ఇళ్ళలో పెరిగాం. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకి తీరని కోరిక ఏదో ఉందనుకుంటాం. చనిపోయిన మనిషి సంగతి ఒక నల్లపక్షిని అడగటం మనకి వింతగా తోచదు. కానీ ఆ పోలికని మరీ సాగదీయొద్దు. మన కాకి పితృదేవతల తరఫున వస్తుంది, పో పక్షి ఎవరి తరఫునా రాలేదు.

కవిత అయ్యాక 1846 ఏప్రిల్‌లో వచ్చిన 'ది ఫిలాసఫీ ఆఫ్ కంపోజిషన్' వ్యాసం చదవండి. ముందు మాత్రం వద్దు. సుమారు నూరు పాదాల పొడవు ముందే నిర్ణయించుకున్నాననీ, 'ఓ' శబ్దం, 'ర్' శబ్దం కలిసిన మాట కోసం వెతికాననీ, పక్షిగా మొదట చిలుకని అనుకున్నాననీ, పదహారో చరణాన్ని అన్నిటికంటే ముందు రాశాననీ చెబుతాడు. చిలుక ఉన్న 'రేవెన్'ని ఒకసారి ఊహించుకోండి! ఈ వ్యాసాన్ని అక్షరాలా నమ్మనక్కర్లేదు. విందు ముగిశాక వంటవాడు నేను ముందే ఇలా అనుకున్నాను అని చెప్పుకున్నట్టుంటుంది. అయినా అందులో చెప్పిన కొలతలన్నీ కవితలో సరిపోతాయి.

అషర్ ఇల్లు

ఇప్పటికి మీ చెవి సిద్ధమై ఉంటుంది. మొదటి వాక్యంలో 'డ' శబ్దం ఎన్నిసార్లు పడిందో వినండి. తర్వాత ఇంటి ముందు చెరువులో పడే ప్రతిబింబం, కప్పునుంచి గోడ పొడవునా వంకరగా దిగిన సన్నటి బీట, ఈ రెండింటినీ మొదటి పేజీల్లోనే గుర్తుపెట్టుకోండి. మధ్యలో వచ్చే 'ది హాంటెడ్ ప్యాలెస్' పాటని దాటేయకండి. అది ముందే విడిగా అచ్చయిన కవిత, ఇక్కడ కథంతటికీ తాళంచెవి.

'హౌస్' అన్న మాటకి భవనమనీ వంశమనీ రెండర్థాలు. కథ రెండింటినీ ఒకేసారి వాడుతుంది. ఇంగ్లిష్ విద్యార్థికి దీన్ని విడమర్చి చెప్పాలి. 'ఇంటిపేరు' అనే తెలుగువాళ్ళకి అక్కర్లేదు.

డిటెక్టివ్ కథలు, రహస్యలిపి

'ది మర్డర్స్ ఇన్ ది రూ మోర్గ్' 1841 ఏప్రిల్‌లో వచ్చింది. ఇందులో మొదటి కొన్ని పేజీలు చదరంగం, విశ్లేషణ మీద ఉపన్యాసంలా ఉంటాయి. విసుగొస్తే హత్య వార్త దగ్గరికి వెళ్ళి కథ పూర్తిచేసి, వెనక్కొచ్చి చదవండి, పాపం లేదు. కథ చెప్పే పేరులేని స్నేహితుడు, పక్కన అసాధారణ బుద్ధిశాలి డూపిన్, తలపట్టుకున్న పోలీసులు: ఈ అమరిక ఇక్కడ కుదురుకుంది. కానన్ డాయిల్ దాన్ని తీసుకున్నాడు. 1887 నాటి మొదటి నవలలోనే షెర్లాక్ హోమ్స్ చేత డూపిన్ పనికిమాలినవాడని అనిపించి మరీ అప్పు తీర్చాడు. కొమ్మూరి సాంబశివరావు నవలల్లో యుగంధర్ పక్కన రాజుని చూస్తూ పెరిగినవాళ్ళకి ఆ జోడీ కొత్తేమీ కాదు. 'ది పర్లాయిన్డ్ లెటర్' డూపిన్ కథల్లో మూడోది, అన్నిట్లోకీ నాజూకైనది. రెండోదైన మారీ రోజే కథ ఓపికున్నవాళ్ళకే.

'ది గోల్డ్-బగ్' 1843లో వంద డాలర్ల బహుమతి గెలిచింది. చదువుతూ చదువుతూ రహస్యలిపి వచ్చినచోట ఆగండి. పెన్సిల్ తీసుకుని గుర్తుల్ని లెక్కపెట్టండి. 8 అంకె 33 సార్లు, సెమీకోలన్ 26 సార్లు, 4 అంకె 19 సార్లు వస్తాయి. ఇంగ్లిష్‌లో ఎక్కువగా వాడే అక్షరం 'ఇ' కాబట్టి 8 అదే. సెమీకోలన్, 4, 8 ఇదే వరసలో మొత్తం ఏడుసార్లు వస్తాయి, అది 'ది' అన్న మాట. ఇక్కడినుంచి మీరే సాగించి, ఇరుక్కున్నాక కథలోకి వెళ్ళండి. కథలో ఆ లిపిని విప్పే లెగ్రాండ్ ఇచ్చే అక్షరాల వరస ఇప్పటి లెక్కలతో పూర్తిగా కలవదు, దాన్ని కంఠస్థం చేయొద్దు. జూపిటర్ అనే నల్లజాతి పాత్ర చిత్రణ చదివేటప్పుడు చివుక్కుమంటుంది. బానిసత్వం ఉన్న కాలపు అమెరికా దక్షిణాది చూపు అది, ఈ కథకున్న మచ్చ.

జీవితం: ఒక్క పేజీలో రాసుకోండి

జీవితచరిత్ర కథల తర్వాతే. ఒక కాగితాన్ని రెండు నిలువు గీతలతో విడదీసి సంవత్సరం, ఊరు, ఆ ఏడు అచ్చయినది అని మూడు వరసలు పెట్టండి.

1809 జనవరి 19న బోస్టన్‌లో నాటక కళాకారుల ఇంట పుట్టాడు. తల్లి 1811 డిసెంబర్‌లో రిచ్‌మండ్‌లో పోయింది. జాన్ అలన్ అనే పొగాకు వర్తకుడు పెంచుకున్నాడు కానీ చట్టప్రకారం దత్తత తీసుకోలేదు. పేరులోని 'అలన్' ఆయనదే, ఆస్తి మాత్రం చిల్లిగవ్వ రాలేదు. 1826లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో చేరి జూదపు అప్పులతో బయటికొచ్చాడు. 1827లో ఎడ్గార్ ఎ. పెర్రీ అన్న దొంగపేరుతో, పద్దెనిమిదేళ్ళకే ఇరవై రెండని చెప్పి సైన్యంలో చేరాడు. అదే ఏడు పేరు వేసుకోకుండా 'ఒక బోస్టన్‌వాసి' అని మొదటి కవితల పుస్తకం తెచ్చాడు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి 1831లో వెళ్ళగొట్టించుకున్నాడు. 1833లో ఒక కథకి యాభై డాలర్ల బహుమతి వచ్చాక పత్రికా జీవితం మొదలైంది. రిచ్‌మండ్, ఫిలడెల్ఫియా, న్యూయార్క్ తిరిగాడు.

1836లో మేనత్త కూతురు వర్జీనియాని పెళ్ళి చేసుకున్నాడు. అమెరికన్ పాఠకులు ఇక్కడ రెండుసార్లు ఉలిక్కిపడతారు. మేనరికం మనకి వింత కాదు. పదమూడేళ్ళ వయసు మాత్రం అక్కడా చిన్నదే, అందుకే పెళ్ళి పత్రంలో ఇరవై ఒకటి అని చెప్పించారు. 1842 జనవరిలో పాడుతూండగా ఆమె నోట రక్తం పడింది. క్షయ. ఆ మే నెలలోనే 'రెడ్ డెత్' వచ్చింది. మీ కాగితం మీద ఈ రెండూ పక్కపక్కన పడతాయి. అక్కడితో ఆగండి. అందుకే ఇది రాశాడని బాణం గీయకండి. ఆమె 1847 జనవరి 30న పోయింది.

పేదరికానికి మాత్రం కారణం గీయొచ్చు. అప్పట్లో అంతర్జాతీయ కాపీరైట్ లేదు. ఇంగ్లండ్ రచయితల పుస్తకాల్ని అమెరికా ప్రచురణకర్తలు రూపాయి ఇవ్వకుండా అచ్చేసుకునేవారు. ఊరికే దొరికే సరుకుండగా స్వదేశీ రచయితకి డబ్బెందుకిస్తారు?

చావు గురించి: 1849 అక్టోబర్ 3న బాల్టిమోర్‌లో ఎన్నికల రోజున ఒక సారాయి కొట్టు దగ్గర, తనవి కాని బట్టల్లో, స్పృహ సరిగా లేకుండా దొరికాడు. 7న ఆస్పత్రిలో పోయాడు. ఇంతవరకే గట్టి నేల. కుక్కకాటు, ఓట్ల ముఠాలు, తాగుడు అంటూ సిద్ధాంతాలు చాలా ఉన్నాయి. సాయంత్రాలు వాటి మీద ఖర్చు చేయకండి.

తాగుబోతు రాక్షసుడు అన్న బొమ్మ ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం తెలుసుకోవాలి. పోయిన రెండు రోజులకే, పో అంటే గిట్టని సంపాదకుడు రూఫస్ గ్రిస్‌వోల్డ్ 'లుడ్విగ్' అన్న మారుపేరుతో, ఈ చావుకి ఏడ్చేవాళ్ళు కొద్దిమందే అని న్యూయార్క్ 'ట్రిబ్యూన్'లో రాశాడు. పైగా పో రచనల సంకలనం పని కూడా అతని చేతికే వచ్చింది. 1850లో జీవితచరిత్ర రాస్తూ పో ఉత్తరాల్లో మాటలు మార్చాడు, కొన్ని కల్పించాడు. 1941లో పో జీవితచరిత్ర రాసిన ఆర్థర్ హాబ్సన్ క్విన్ అసలు ఉత్తరాల్ని పక్కన పెట్టి ఆ ఫోర్జరీలు చూపించాడు. కాబట్టి మీ చేతిలోని జీవితచరిత్ర 1941కి ముందుదైతే, అందులోని దుర్గుణాల పేజీల్ని అనుమానంతో చదవండి. పో తాగలేదని కాదు, తాగాడు. కానీ శత్రువు రాసిన లెక్క నమ్మకూడదు.

ప్రభావాన్ని వెతుక్కుంటూ వెళితే

ఒక్కో దారిలో ఒక్కో పుస్తకం చాలు. ఫ్రాన్స్ దారిలో బోదిలేర్. 1856 నుంచి పో కథల్ని సంపుటాలుగా ఫ్రెంచ్‌లోకి తెచ్చాడు, పో కవితల్ని మలార్మే అనువదించాడు. అమెరికా పట్టించుకోని పో యూరప్‌లో గురువయ్యాడు. జూల్ వెర్న్ 1897లో 'పిమ్'కి కొనసాగింపే రాశాడు. జపాన్ దారిలో డిటెక్టివ్ కథల రచయిత ఎడోగావా రాంపో. ఆ పేరుని నెమ్మదిగా పైకి అనండి. ఎడ్గార్ అలన్ పో అని వినిపిస్తుంది, కావాలనే పెట్టుకున్న కలంపేరు అది. బాల్టిమోర్ ఫుట్‌బాల్ జట్టు పేరు రేవెన్స్ ఎందుకయిందో మీకిప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

తెలుగులో ఒక చరణం చేసి చూడండి

ఇంతదాకా వచ్చినవాళ్ళకి అసలైన చదువు ఇది. 'రేవెన్' పద్నాలుగు నుంచి పద్దెనిమిది దాకా ఐదు చరణాల్లో ఏదో ఒకటి తీసుకోండి. పక్షి పేరు దగ్గరే చిక్కు. 'కాకి' అంటే పెరట్లో అరిచే మామూలు పిట్ట అయిపోతుంది. 'కాకోలం' బైబిల్ తెలుగులో ఏలీయాకి ఆహారం తెచ్చే పక్షి, గంభీరంగా ఉంటుంది కానీ బడిపుస్తకం వాసన. 'బొంతకాకి' పరిమాణం సరిగ్గా చెబుతుంది, భయం చెప్పదు. ఏదో ఒకటి ఎంచుకుని చివరిదాకా దానిమీదే ఉండండి.

పల్లవి ఇంకా కష్టం. తెలుగులో లేదనే మాట క్రియని పట్టుకుని మారుతుంది: రాదు, దొరకదు, పోదు, మానదు. ప్రశ్న మారినప్పుడల్లా జవాబు మారితే పక్షికి ఒక్క మాటే వచ్చన్న కీలకం పోతుంది. కాబట్టి క్రియ లేని మాట కావాలి. 'ఇక లేదు' అన్ని ప్రశ్నలకీ దాదాపు సరిపోతుంది కానీ హ్రస్వంతో తెగిపోతుంది, 'మోర్'లా సాగదు. 'ఇంకెన్నడూ' అంటే చివరి దీర్ఘం సాగుతుంది, క్రియ వినేవాళ్ళ మనసులో పూర్తవుతుంది. రెంటినీ ఆ ఐదు చరణాల పక్కన పెట్టి పైకి చదివి చూడండి.

కథల్లో మనకి ఒక లాభముంది. 'టెల్-టేల్ హార్ట్'లో చెప్పేవారి పేరు, ముసలాయనతో బంధుత్వం ఎక్కడా రాయలేదు. హిందీలో 'నేను వెళ్ళాను' అనగానే ఆడా మగా తేలిపోతుంది, తెలుగులో తేలదు. ఆ లాభాన్ని మొదటి వాక్యంలోనే 'పిచ్చివాణ్ణి' అని రాసి పోగొట్టుకోకండి. 'నాకు పిచ్చని ఎందుకంటారు?' అంటే చాలు.

చూసి రావాలంటే

మేరీలాండ్, వర్జీనియాల్లో ఉన్న తెలుగువాళ్ళకి ఇది ఒక వారాంతపు పని. రిచ్‌మండ్ నుంచి బాల్టిమోర్‌కి దాదాపు 150 మైళ్ళు. శనివారం రిచ్‌మండ్‌లో ఈస్ట్ మెయిన్ వీధిలోని పాత రాతి ఇంట్లో ఉన్న పో మ్యూజియం, ఆదివారం బాల్టిమోర్. అమిటీ వీధిలోని పో ఇల్లు చాలా చిన్నది, మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పైకి తీసుకెళ్ళే ముందు ఆలోచించండి. తెరిచే రోజులు మారుతుంటాయి, బయల్దేరే ముందు చూసుకోండి. ఫిలడెల్ఫియా దాకా వెళ్ళగలిగితే అక్కడి ఇంట్లో నేలమాళిగ చూడండి, 'బ్లాక్ క్యాట్' చదివి వెళ్ళాలి.

సమాధి బాల్టిమోర్‌లో ఫేయెట్, గ్రీన్ వీధుల మూలన వెస్ట్‌మిన్‌స్టర్ హాల్ ఆవరణలో ఉంది. గేటు దగ్గరున్న పెద్ద స్మారకం 1875లో కట్టింది. అప్పుడే అవశేషాల్ని వెనకనుంచి ముందుకి తెచ్చారు. మొదట పాతిపెట్టిన చోటు లోపల వెనకవైపు ఉంటుంది, పక్షి చెక్కిన రాయి గుర్తు. వర్జీనియా, మేనత్త మరియా క్లెమ్ కూడా స్మారకం దగ్గరే ఉన్నారు. చాలామంది గేటు దగ్గర ఫొటో దిగి వెళ్ళిపోతారు. మీరు వెనక్కి కూడా వెళ్ళండి. తిరిగొచ్చేటప్పుడు స్మారకం మీద పుట్టినతేదీ చదవండి. జనవరి 20 అని చెక్కారు. మీ కాగితం మీద 19 అని ఉంటుంది. కాగితాన్ని దిద్దకండి.